వారానికి 600 కిలోల గుల్లలు, ఆల్చిప్పలు, పీత డిప్పలు: కాల్చాలా, పొడి కొట్టాలా, యాసిడ్‌లో కరిగించాలా?

తీరం_చిన్నోడు:

అందరికీ నమస్కారమండి. కాకినాడ ఒడ్డున ఒక షెడ్డు నుంచి వారానికి సుమారు 600 కిలోల చిప్పలు బయటికొస్తున్నాయి. అందులో 400 కిలోల దాకా గుల్లలు, ఆల్చిప్పలు. 150 కిలోలు పీత డిప్పలు. మిగతాది రొయ్య పొట్టు. ప్రస్తుతం అన్నీ కలిపి ఒకే గుట్టగా పడుతున్నాయి.

వీటిని సున్నంగా కాల్చడమా, పొడి కొట్టి కోళ్ల మేతకో చెరువులకో అమ్మడమా, వెనిగర్‌లో కరిగించి పంటలకి పిచికారీ మందు చేయడమా అన్నది తేలడం లేదు. శాంపిల్‌గా 200 లీటర్ల డ్రమ్ములో కొబ్బరి చిప్పల బొగ్గుతో 10 కిలోల ఎండు గుల్లలు కాలిస్తే 7.1 కిలోలు మిగిలాయి. నీళ్లు పోస్తే కొంత బాగానే ఉడికింది, మిగతాది రాయిలా అలాగే ఉండిపోయింది. తప్పెక్కడ? ల్యాబుకి పంపకుండా స్వచ్ఛత చూసుకునే దారి ఏదైనా ఉందా?

బట్టీ_మంట:

7.1 అనే అంకెలోనే మీ జవాబుంది. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 100 కిలోలు పూర్తిగా కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 కిలోల పొడిసున్నం మిగలాలి. మీ గుల్లల్లో 95 శాతం కార్బొనేట్ అనుకుంటే 10 కిలోలకి పోవాల్సిన గ్యాసు 4.18 కిలోలు. మీకు మొత్తం తగ్గింది 2.9. అందులో తేమ, కాలిపోయిన మాంసపు పొరలు అర కిలో దాకా ఉంటాయి. అంటే గ్యాసు పోయింది 2.4 కిలోలు, కాలింది సుమారు 57 శాతం. నీళ్లు పోస్తే ఉడకనిది ఆ మిగతా పచ్చి గుల్లే. బొగ్గు బూడిద కలిసి ఉంటే అసలు కాలింది ఇంకొంచెం ఎక్కువే, కానీ కథ మారదు.

ఎందుకు కాలలేదంటే మూడు కారణాలు. కార్బొనేట్ విడిపోయాక వచ్చే గ్యాసు అక్కడే నిలిచిపోతే దాదాపు 900 డిగ్రీలు దాటేదాకా విడిపోవడం సాగదు. అదే గ్యాసుని గాలి లాక్కెళ్తుంటే అంతకంటే తక్కువ వేడిలోనే నడుస్తుంది. మూత వేసిన డ్రమ్ములో అందుకే పని జరగదు. కింద గాలి రంధ్రాలు, పైన పొగ గొట్టం ఉండాల్సిందే. రెండోది, పల్చటి గుల్లలు వేడికి టపటపా పేలి పొరలుగా రాలతాయి. గుల్లల్లో కార్బొనేట్ ఎక్కువ భాగం అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది, అది నాలుగు వందల పైచిలుకు డిగ్రీల్లో కాల్సైట్ అనే ఇంకో రూపంగా మారుతుంది. పొరల మధ్య చిక్కిన తేమ కూడా అప్పుడే ఆవిరై తంతుంది. ఆ పొడి బొగ్గు సందుల్లో దూరి గాలిని ఆపేస్తుంది. మూడోది ఉప్పు. సరిగా కడగని గుల్లలోని ఉప్పు 801 డిగ్రీలకి కరిగి గుల్ల ముక్కల పైన జిగురులా పాకుతుంది. దాంతో పైభాగం బిగుసుకుపోయి లోపలి గ్యాసు బయటికి రావడానికి దారి ఉండదు.

బొగ్గు లెక్క కూడా చూసుకోండి. ఒక కిలో పొడిసున్నం తయారవ్వడానికి సిద్ధాంతం ప్రకారం 3.2 మెగాజౌళ్లు కావాలి. మంచి బొగ్గు కిలోకి 29 దాకా ఇస్తుంది. చిన్న బట్టీలో వేడిలో మూడొంతులు గోడలకీ పొగకీ పోతుంది కాబట్టి 100 కిలోల గుల్లకి 20 నుంచి 25 కిలోల బొగ్గు వేసుకోవాలి. డ్రమ్ము లోపల ఇటుక లేకపోతే అది కూడా చాలదు. ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల, నాలుగు వేళ్ల మందం దాటకుండా పేర్చండి. పేలి రాలిన పొడిని జల్లించి పక్కన పెట్టండి, దాన్ని బట్టీలోకి ఎక్కించొద్దు.

అతిగా కాల్చినా నష్టమే. 1100, 1200 డిగ్రీలు దాటితే సున్నం ముక్క గట్టిపడి నీళ్లలో గంటల తరబడి కదలదు. గోడకి పూశాక ఎప్పుడో ఉడికి బుడిపెలు లేస్తాయి. పచ్చిగా మిగిలినదా, మాడిందా అన్నది తెలియాలంటే ఉడకని ముక్క మీద రెండు చుక్కల యాసిడ్ వేయండి. బుసబుసా పొంగితే పచ్చిది. పొంగకుండా మెల్లగా కరిగితే మాడింది.

కోళ్లమేత_లెక్క:

బట్టీ గారు చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ వారానికి 400 కిలోల గుల్లకి బట్టీ ఎందుకండీ? కాలిస్తే 400లో సగం పైచిలుకే చేతికొస్తుంది, బొగ్గు ఖర్చు అదనం, ఊరి పక్కనైతే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తలనొప్పి. అదే పొడి కొడితే బరువు బరువుగానే అమ్ముడుపోతుంది. అనపర్తి, తణుకు వైపు లేయర్ కోళ్ల ఫారాలు మీకు దగ్గరే. వాళ్లకి షెల్ గ్రిట్ (మేతలో వేసే గుల్ల ముక్కలు) కొత్త సరుకేమీ కాదు.

గుడ్డు పెట్టే కోడికి రోజుకి 4 గ్రాముల కాల్షియం కావాలి. 95 శాతం స్వచ్ఛత ఉన్న గుల్లలో కాల్షియం 38 శాతం. ఇక్కడ పొడి కంటే ముక్క సైజు ముఖ్యం. గుడ్డు పెంకు రాత్రిపూట తయారవుతుంది, అప్పుడు కోడి మేత తినదు. 2 నుంచి 4 మి.మీ. ముక్క కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతూ రాత్రంతా కాల్షియం అందిస్తుంది. మెత్తటి పొడి సాయంత్రానికే దాటిపోతుంది. అందుకే గ్రిట్‌కి వచ్చే ధర పొడికి రాదు.

పని ఇలా: షెడ్డులోనే గుల్లలు, పీత డిప్పలు, రొయ్య పొట్టు వేరు చేయించండి. కలిశాక వేరు చేయడం ఎవరి వల్లా కాదు. గుల్లల్ని మంచినీళ్లలో ఒక రోజు నానబెట్టి, మాంసం ఊడేలా పారతో కలియబెట్టి, నీళ్లు మార్చి కనీసం రెండుసార్లు కడగాలి. వాసన వదలకపోతే బ్లీచింగ్ పౌడర్ తేటలో గంటసేపు ఉంచి మళ్లీ కడగండి. ఆ తేట ఉన్న తొట్టి దగ్గరికి యాసిడ్ క్యాన్ రానివ్వొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు. తర్వాత సిమెంటు నేల మీద పల్చగా పరిచి మూడు నాలుగు ఎండలు పెట్టండి.

హామర్ మిల్లులో తడి గుల్ల వేస్తే జల్లెడ పూడుకుపోతుంది. ఇసుక ఉన్న గుల్ల వేస్తే సుత్తులు అరిగిపోతాయి. ఆల్చిప్పల గుంటల్లో ఇసుక, జిగట మన్ను ఉండిపోతాయి కాబట్టి మిల్లుకి ముందు ఒకసారి దులిపే జల్లెడ మీద ఆడించండి. కొట్టాక 4 మి.మీ. జల్లెడ మీద మిగిలింది మళ్లీ మిల్లుకి, 2 మి.మీ. పైన ఆగింది గ్రిట్, కిందకి దిగింది పొడి. ఆ పొడి చెరువులకో పొలాలకో పోతుంది. దుమ్ము దగ్గర పనివాళ్లకి తువ్వాలు చుట్టుకోమంటే సరిపోదు, మంచి మాస్కు ఇవ్వాలి.

ఇంకొకటి. మేతకి పోయేది పచ్చి మాంసం వాసనతో ఉంటే సాల్మొనెల్లా భయంతో ఫారం వాళ్లు వెనక్కి పంపేస్తారు. ఎండు సరిగా లేని రోజుల్లో, అంటే వర్షాకాలంలో, వేడి గాలి డ్రయ్యర్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

టైట్రేషన్:

స్వచ్ఛత చూసే పద్ధతి అడిగారు. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. షాపు యాసిడ్ (33 శాతం హైడ్రోక్లోరిక్) 30 మి.లీ. తీసుకుని 70 మి.లీ. నీళ్లలో కలపండి. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, తలకిందులుగా కాదు. ఆ సీసానీ, కాగితం మీద తూచిన 10 గ్రాముల ఎండు పొడినీ కలిపి బరువు రాసుకోండి. పొడిని కొంచెం కొంచెంగా వేసి, సీసా మూతికి దూది పెట్టండి, తుంపర పోకుండా. పొంగు ఆగాక పది నిమిషాలు తిప్పుతూ ఉండి మళ్లీ తూచండి, ఈసారి కూడా దూది లేకుండా, ఖాళీ కాగితంతో కలిపి. 4.4 గ్రాములు తగ్గితే పూర్తి స్వచ్ఛం. 4.18 అయితే 95 శాతం. నీళ్లలో కొంత గ్యాసు కరిగి ఉండిపోతుంది కాబట్టి ఈ పద్ధతి ఒకటి రెండు శాతం తక్కువ చూపిస్తుంది. తిప్పడం అందుకే. అడుగున మిగిలిన ఇసుకని వడకట్టి, ఎండబెట్టి తూచితే మట్టి ఎంతో కూడా తెలుస్తుంది.

బ్యూరెట్టు ఉన్నవాళ్లకి: 1 గ్రాము పొడిలో 1 నార్మల్ యాసిడ్ 25 మి.లీ. పోసి, రెండు మూడు నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే మందు) వేసి 1 నార్మల్ కాస్టిక్ సోడాతో టైట్రేట్ చేయండి. 25 లోంచి పట్టిన కాస్టిక్‌ని తీసేసి 5తో గుణిస్తే శాతం. 6 మి.లీ. పట్టిందంటే 19 ఇంటూ 5, 95 శాతం. మరిగించకపోతే కరిగి ఉన్న గ్యాసు కూడా కాస్టిక్‌ని తింటుంది, స్వచ్ఛత తక్కువ కనిపిస్తుంది.

కాల్చిన సున్నానికి ఈ టెస్టు చేయొద్దు. పచ్చి గుల్ల, సున్నం రెండూ యాసిడ్‌ని తాగుతాయి కాబట్టి ఏమీ తేలదు. దానికి పంచదార పద్ధతి ఉంది. అర గ్రాము మెత్తటి సున్నాన్ని ముందు కొన్ని చుక్కల నీళ్లతో తడిపి, 10 శాతం పంచదార నీళ్లు 100 మి.లీ. పోసి, పావుగంట తిప్పి, ఫినాఫ్తలీన్‌తో 1 నార్మల్ యాసిడ్ పోస్తూ రంగు పోయేదాకా చూడండి. ప్రతి మి.లీ. 0.028 గ్రాముల పొడిసున్నంతో సమానం. పూర్తి సున్నమైతే 17.8 మి.లీ. పట్టాలి. మీ డ్రమ్ము సరుకు ఏడెనిమిది దగ్గరే ఆగిపోతుంది.

ఇక వెనిగర్ సంగతి. 1 కిలో 95 శాతం పొడికి 1.14 కిలోల అసిటిక్ యాసిడ్ కావాలి. 5 శాతం వెనిగర్ అయితే అది దాదాపు 23 లీటర్లు. వంటింటి వెనిగర్ కొని చేస్తే గిట్టదు. గ్లేషియల్ అసిటిక్, అంటే దాదాపు నీళ్లు లేని చిక్కటి అసిటిక్ యాసిడ్ కొని 10, 15 శాతానికి పలచబరిచి వాడతారు. గ్లేషియల్ ఆవిరి కళ్లనీ ముక్కునీ కాలుస్తుంది, నిప్పు కూడా అంటుకుంటుంది. దాన్ని ఆరుబయటే కలపండి.

కిలో కార్బొనేట్ నుంచి 240 లీటర్ల గ్యాసు వస్తుంది. డ్రమ్ముని మూడో వంతు దాటి నింపితే నురగ పొంగి పోతుంది. మూత బిగిస్తే డ్రమ్ము పగులుతుంది. మూసిన గదిలో చేస్తే గ్యాసు నేల మట్టాన నిలిచి మనిషిని పడేస్తుంది. పొడి ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంచండి, అప్పుడు యాసిడ్ మిగలదు. పొంగు ఆగి, పీహెచ్ 7 దగ్గరికి వచ్చాక ఒక రాత్రి తేరనిచ్చి పైతేట తీసుకోండి. 100 గ్రాముల శుద్ధ కార్బొనేట్‌కి 158 గ్రాముల కాల్షియం అసిటేట్ వస్తుంది, అందులో కాల్షియం 25 శాతం. పొడిగా కావాలంటే నీటి తొట్టిలో పెట్టిన పాత్రలో ఇగరబెట్టండి. నేరుగా మంట పెడితే అడుగు మాడి అసిటోన్ ఆవిరి వస్తుంది, అది అగ్గి.

పిచికారీ ట్యాంకులో దీన్ని ఫాస్ఫేటు, సల్ఫేటు ఎరువులతో కలిపితే తెల్లగా విరిగి నాజిల్ మూసుకుపోతుంది. విడిగానే కొట్టాలి.

చెరువుగట్టు:

చెరువులకి అమ్ముతానన్నారు కాబట్టి, ఏ సరుకు ఎక్కడ పనికొస్తుందో కొనేవాడికి చెప్పి అమ్మండి. లేకపోతే రెండో పంటకి మీ ముఖం చూడరు.

ఆరబెట్టిన చెరువు నేలకి మెత్తటి గుల్ల పొడి భేషుగ్గా పనిచేస్తుంది. నీళ్లున్న చెరువులో మాత్రం, పీహెచ్ ఇప్పటికే 8.3 దాటి ఉంటే కార్బొనేట్ దాదాపుగా కరగదు, అడుగున పేరుకుంటుంది. అలాంటి నీళ్లలో అల్కలినిటీ (యాసిడ్‌ని తట్టుకునే శక్తి) పెరగలేదని రైతు మిమ్మల్ని తిడితే అది సరుకు తప్పు కాదు, వాడిన చోటు తప్పు.

కరిగే నీళ్లకి లెక్క సులువు. ఎకరం చెరువు, మీటరు లోతంటే 4,047 ఘనపు మీటర్లు. అల్కలినిటీ లీటరుకి 1 మి.గ్రా. పెరగాలంటే 4.05 కిలోల కార్బొనేట్. 20 పెరగాలంటే 81 కిలోలు. తడిసున్నమైతే (పొడిసున్నాన్ని నీళ్లతో ఉడికించినది) 60 కిలోలకే ఆ పని అవుతుంది. కానీ ఆ 60 కిలోలూ ఒకేసారి పోస్తే పీహెచ్ ఎగిరిపడుతుంది. 25 డిగ్రీల మంచినీళ్లలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో 5 శాతమే విషం, 9 దగ్గర మూడో వంతు పైన విషం. రొయ్య ఉన్న చెరువులో మధ్యాహ్నం తడిసున్నం కొట్టడం అందుకే వద్దంటారు. ఎండకి అప్పటికే పీహెచ్ పైకెక్కి ఉంటుంది. పొడిసున్నం నీళ్లు తీసేసిన చెరువులోనే.

కాల్చిన సరుకు నిల్వ గురించి ఎవరూ రాయలేదు. పొడిసున్నం గోనె సంచిలో పెడితే గాలి తేమకే ఉబ్బి కుట్లు విప్పేస్తుంది. వాన నీళ్లు తగిలితే పక్కనున్న ఎండు గడ్డి అంటుకునేంత వేడి పుడుతుంది. వెంటనే తడిసున్నం చేసి పాలిథిన్ లోపొర ఉన్న సంచిలో కట్టడం మేలు. 56 కిలోలకి లెక్క ప్రకారం 18 లీటర్ల నీళ్లు చాలు. ఆవిరిగా పోయేది కలుపుకుని 27 దాకా చల్లుతూ, గరిటె తిప్పుతూ పోయాలి. కంట్లో పడితే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడిగి ఆసుపత్రికి. వెనిగర్ పోయడం, నూనె రాయడం వద్దు.

తీరం_చిన్నోడు:

చాలా ధన్యవాదాలండి. ముందు గ్రిట్‌తోనే మొదలుపెట్టాలనిపిస్తోంది. మరి పీత డిప్పలు, రొయ్య పొట్టు కూడా ఎండబెట్టి అదే మిల్లులో వేసేయొచ్చా? రొయ్య పొట్టు యాసిడ్‌లో వేస్తే మిగిలే నీళ్లలో కాల్షియం ఉంటుందంటారు, దాన్ని తీయొచ్చా?

టైట్రేషన్:

అదే మిల్లులో వద్దు. గుల్లలో 95 శాతం కార్బొనేట్ ఉంటే రొయ్య పొట్టులో అది సగం కూడా ఉండకపోవచ్చు, మిగతాది మాంసకృత్తులు, కైటిన్ (పొట్టుకి గట్టిదనం ఇచ్చే నారలాంటి పదార్థం). పీత డిప్పలో ఖనిజం ఎక్కువే కానీ ఫాస్ఫేటు కలిసి ఉంటుంది. కొంచెం కలిసినా మీ గ్రిట్ వాసన కొడుతుంది, స్వచ్ఛత పడిపోతుంది. ఈ రెండింటిలో అసలు విలువ కైటిన్‌ది, కాల్షియం అనుబంధమే. విశాఖలో సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది. కైటిన్ విషయంలో ఆ సంస్థ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది, ఆ వైపు వెళ్లే ముందు అక్కడ మాట్లాడండి.

యాసిడ్ నీళ్లలోంచి కాల్షియం తీయొచ్చు, కానీ వరస మారిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ముందు 4 శాతం కాస్టిక్ సోడాలో వేడి మీద మాంసకృత్తులు తీసేసి, బాగా కడిగి, ఆ తర్వాత 4 శాతం యాసిడ్‌లో వేయండి. యాసిడ్ ముందు వేస్తే మాంసకృత్తులు కూడా నీళ్లలోకి దిగి, నురగ ఆగదు, ద్రవం బంక బంకగా వడకట్టడానికి లొంగదు.

యాసిడ్ నీళ్లలో ఉన్నది కాల్షియం క్లోరైడ్, మిగిలిపోయిన యాసిడ్. అందులో మీ దగ్గర మిల్లు కింద మిగిలే గుల్ల పొడినే పొంగు ఆగేదాకా వేయండి. యాసిడ్ చచ్చిపోతుంది, కాల్షియం ఇంకా పెరుగుతుంది. చివర్లో కొంచెం సున్నపు పాలు పోసి పీహెచ్ 8 దాకా తెస్తే ఇనుము, ఫాస్ఫేటు, మిగిలిన మాంసకృత్తులు మడ్డిగా దిగుతాయి. ఒక రోజు తేరనిచ్చి వడకట్టండి. ఆ తేటలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణం పోస్తే మెత్తటి తెల్లటి కార్బొనేట్ దిగుతుంది. 100 గ్రాముల కార్బొనేట్‌కి 106 గ్రాముల సోడా. మిగిలేది ఉప్పు నీళ్లు. అవక్షేపాన్ని ఆ ఉప్పు పోయేదాకా కడగాలి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. సోడా ఖరీదు వేసుకుంటే ఈ కార్బొనేట్‌ని చెరువుకి అమ్మితే నష్టమే. పెయింటు, రబ్బరు వాళ్లు రంగు తెల్లగా ఉంటేనే అడుగుతారు, మీ ద్రవంలో రొయ్య రంగు మిగిలితే గులాబీ ఛాయ వస్తుంది. ఆ రంగు కాస్టిక్ దశలో కొంత పోతుంది, పూర్తిగా పోదు.

బట్టీ_మంట:

ఒక్క మాట కలుపుతా. టాబ్లెట్లకి కాల్షియం సిట్రేట్ చేద్దామని తర్వాత ఎవరైనా సలహా ఇస్తారు. కిలో కార్బొనేట్‌కి 1.4 కిలోల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేస్తే 1.9 కిలోలు వస్తుందన్న లెక్క నిజమే. కానీ సిట్రేట్ నీళ్లలో కరగదు, ఏర్పడుతూనే గుల్ల ముక్క చుట్టూ పొరలా అంటుకుని లోపలిది పచ్చిగా ఉంచేస్తుంది. నిమ్మ ఉప్పు ద్రావణంలోకి అతి మెత్తటి పొడిని కొంచెం కొంచెంగా వదులుతూ కలియబెట్టాలి. ఆపైన మనుషులు మింగేదానికి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం పరీక్షలు, ఆహార భద్రత లైసెన్సు ఉండాలి. బొగ్గు బట్టీలో కాల్చిన సున్నమైతే బూడిద కలిసి ఉంటుంది కాబట్టి తాంబూలానికి కూడా అమ్మొద్దు.

ఇంకా, షెడ్డులో పడే చెత్త చాలడం లేదని కోరంగి అభయారణ్యం లోపలి నుంచి గుల్లలు తవ్వి తెస్తామని ఎవరైనా వస్తే కొనకండి. అది వన్యప్రాణి చట్టం కిందకి పోతుంది.

కోళ్లమేత_లెక్క:

మొదటి లోడు ముందు 2 మి.మీ., 4 మి.మీ. జల్లెడలు రెండూ తెప్పించుకోండి. ఫారంకి అర కిలో శాంపిల్ పట్టుకెళ్లేటప్పుడు టైట్రేషన్ గారు చెప్పిన 10 గ్రాముల పరీక్ష అక్కడే వాళ్ల ముందు చేసి చూపించండి, ధర దగ్గర వాదన తగ్గుతుంది. యాసిడ్ సీసా మాత్రం మేత గోడౌన్ బయటే ఉంచండి.